డేటా సెంటర్ కన్నా ముందు ఊరి నీటి లెక్క

రాయలసీమలో కొత్తపల్లె అనే పేరుగల ఊళ్లు అనేకం. ఏదో ఒక కాలంలో పాత ఊరిని విడిచి వచ్చినవారు కట్టుకొన్న ఊరు అనే సూచన ఆ పేరులోనే ఉన్నది. నంద్యాల జిల్లాలో ఆ పేరుతో ఒక మండలమే ఉన్నది. ఆ మండలంలోని సంగమేశ్వరాలయం ఏటా నెలల తరబడి శ్రీశైలం జలాశయంలో మునిగి ఉండి, నీరు తగ్గిన వేసవిలో మాత్రమే బయటపడుతుంది. 1981లో ఆ జలాశయం కోసం వందకు పైగా గ్రామాలు ఖాళీ అయినవి. విద్యుత్తు అవసరమే, సాగునీరు అవసరమే. అందులో సందేహం లేదు. అయితే ఊరు కోల్పోయినదానికి లెక్క చాలావరకు ఊరు విడిచిన తరువాతనే మొదలైంది. నిర్వాసిత కుటుంబాలకు ఉద్యోగాలిచ్చే జి.ఓ. 98 అమలు దశాబ్దాల తరువాత కూడా వినతిపత్రాలలో నలుగుతూనే ఉన్నది.

ఈ పాత సంగతిని ఇప్పుడు తలచుకోవడానికి కారణం ఉన్నది. 2025 అక్టోబరు 14న న్యూఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ గూగుల్ సంస్థకూ మధ్య ఒప్పందం కుదిరింది. విశాఖపట్నంలో అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడితో గిగావాట్ స్థాయి డేటా సెంటర్ల సముదాయం నిర్మించడం దాని సారాంశం. ఇందుకు విశాఖ పరిసరాలలోని తర్లువాడ, అడవివరం, అనకాపల్లి జిల్లాలోని రాంబిల్లి ప్రాంతాలను ఎంపిక చేశారు. పెట్టుబడి వార్త వెలువడిన కొద్దిరోజులకే తర్లువాడ రైతులు తమ భూముల విషయమై అభ్యంతరాలు తెలిపారు. మానవ హక్కుల వేదిక వంటి సంస్థలు నీరు, విద్యుత్తు ఎక్కడినుంచి వస్తాయని ప్రశ్నించాయి. ప్రభుత్వ పక్షం పెట్టుబడినీ ఉపాధినీ చూపింది. ప్రశ్నించినవారు నీటినీ నేలనూ చూపారు. ఇరుపక్షాల మధ్య ఉండవలసిన ఒక కాగితం మాత్రం కనబడలేదు. అది ఆ ఊరి నీటి లెక్క.

ఆ కాగితాన్ని తయారుచేయగల నేర్పు వ్యవసాయ విస్తరణ వ్యవస్థకు ఉన్నదనీ, ప్రాజెక్టు ప్రకటన వెలువడక ముందే దానిని తయారుచేసి గ్రామసభ చేతిలో పెట్టడం మన వృత్తిధర్మమనీ చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. డేటా సెంటర్లు వద్దని గాని, కావాలని గాని వాదించడం కాదు.

మన జిల్లాకు ఏమి సంబంధం?

విశాఖ సంగతి నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల వారికి ఎందుకని అడగవచ్చు. డేటా సెంటర్ కట్టే చోటు ఒకటి, దానిని పోషించే చోటు మరొకటి కావచ్చునన్నది మొదటి సమాధానం. అంతర్జాతీయ ఇంధన సంస్థ 2025 ఏప్రిల్‌లో వెలువరించిన నివేదిక ప్రకారం ప్రపంచంలోని డేటా సెంటర్లు 2024లో సుమారు 415 టెరావాట్ గంటల విద్యుత్తు వాడాయి. ప్రపంచ వినియోగంలో ఇది దాదాపు ఒకటిన్నర శాతం. 2030 నాటికి ఇది 945 టెరావాట్ గంటలకు చేరవచ్చునని ఆ సంస్థ అంచనా. ఈ పరిశ్రమ కోరుకొనేది పగలూ రాత్రీ ఆగని విద్యుత్తు, అందులోనూ సౌర, పవన విద్యుత్తు. అవి లభించేది ఎండ, గాలి, విశాలమైన మెట్ట భూములు ఉన్నచోట. అంటే మన వంటి ప్రాంతాలలో. గని, శకునాల గ్రామాల పరిధిలో దాదాపు 5,900 ఎకరాలలో 1,000 మెగావాట్ల సౌరవిద్యుత్ పార్కు 2017లోనే పూర్తయింది. పాణ్యం మండలం పిన్నాపురంలో 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజి పథకం చేపట్టారు. ఆ విద్యుత్తు ఎవరికి చేరినా, నేల మాత్రం మనదే.

రెండవ సమాధానం మరింత సూటియైనది. తెలంగాణలో డేటా సెంటర్లు హైదరాబాదు నగరం నడిబొడ్డునే కాక షాబాద్ మండలం చందనవెల్లి, కందుకూరు మండలం మీర్‌ఖాన్‌పేట, షాద్‌నగర్ సమీపంలోని మేకగూడ వంటి పల్లెల పక్కన కూడా వెలిశాయి. మేకగూడలో నిర్మాణ వ్యర్థాలు చెరువులో చేరుతున్నాయని గ్రామస్థులు ఆరోపించిన సంగతి పత్రికలలో వచ్చింది. విమానాశ్రయం, జాతీయ రహదారి, విద్యుత్ సబ్‌స్టేషన్, చవకైన భూమి ఒకచోట కుదిరితే పరిశ్రమ చూపు అటు మళ్లుతుంది. నంద్యాలకు పొరుగున ఉన్న ఓర్వకల్లులో ఈ నాలుగింటిలో చాలావరకు ఉన్నవి. కనుక కొత్తపల్లెను ఇక్కడ ఒక ఉదాహరణగా మాత్రమే తీసుకొని, అటువంటి ఊరికి రేపు ఒక ప్రతిపాదన వస్తే మనం ఏమి చెప్పగలమో చూద్దాం.

వేడి, నీరు, విద్యుత్తు

డేటా సెంటర్ అంటే వేలాది కంప్యూటర్లను వరుసలుగా పేర్చిన భవనం. వాటిలోకి వెళ్లిన విద్యుత్తు దాదాపు మొత్తం వేడిగా మారుతుంది. ఆ వేడిని క్షణం ఆగకుండా బయటికి పంపాలి. పంపే పద్ధతులు ప్రధానంగా రెండు. నీటిని ఆవిరి చేసి చల్లబరచడం ఒకటి. ఇందులో విద్యుత్తు తక్కువ, నీరు ఎక్కువ. గాలితో చల్లబరచడం రెండవది. ఇందులో నీరు తక్కువ, విద్యుత్తు ఎక్కువ. మూసిన గొట్టాలలో ద్రవాన్ని తిప్పే కొత్త పద్ధతులలో కూడా ఆ ద్రవం మోసుకొచ్చిన వేడిని చివరకు గాలిలోకో నీటిలోకో వదలవలసిందే. సముద్రతీరంలో ఉప్పునీటిని వాడుకొనే అవకాశమైనా ఉంటుంది. మనకు అది లేదు.

నీటిని ఆవిరి చేసే పద్ధతిలో, కంప్యూటర్లు వాడే ఒక యూనిట్ విద్యుత్తుకు సుమారు 1.8 లీటర్ల నీరు అన్నది ఈ రంగంలో తరచుగా ఉదహరించే సగటు. ఈ లెక్కన 50 మెగావాట్ల కేంద్రం పూర్తి సామర్థ్యంతో పనిచేస్తే రోజుకు 12 లక్షల యూనిట్లు, 21 లక్షల 60 వేల లీటర్ల నీరు. గిగావాట్ స్థాయితో పోలిస్తే ఇది ఇరవయ్యవ వంతు మాత్రమే, అంటే చిన్న కేంద్రమే. ఈ సంఖ్యను మూడు కొలమానాలతో కొలిచి చూద్దాం.

మొదటి కొలమానం టి.ఎం.సి. ఏడాదికి ఈ కేంద్రం వాడేది 0.028 టి.ఎం.సి. నంద్యాల, ఆళ్లగడ్డ పొలాలను తడిపే కర్నూలు-కడప కాలువకు బచావత్ ట్రిబ్యునల్ కేటాయించినది 39.9 టి.ఎం.సి. ఆ లెక్కలో డేటా సెంటర్ వాటా శాతంలో పదోవంతు కూడా కాదు. సచివాలయంలో సమీక్షించే అధికారికి ఇది లెక్కలోకి రాని అంకె.

రెండవ కొలమానం ఎకరం. వరికి పంటకాలంలో 1,200 మి.మీ. నీరు అనుకొంటే ఎకరానికి సుమారు 4,850 ఘనపు మీటర్లు. ఆ కేంద్రం ఏడాది నీరు దాదాపు 160 ఎకరాల వరికి సమానం. ప్రతిపాదకుడు దీనిని తన వాదానికి బలంగా వాడుకొనగలడు: నూట అరవై ఎకరాలలో వరి మాని ఆరుతడి పంట వేస్తే సరిపోదా అని. మాటకు మాటగా చూస్తే ఇది కొట్టివేయదగిన వాదం కాదు. వరిలో నీటి పొదుపు గురించి ఏళ్ల తరబడి చెబుతున్నది మనమే.

మూడవ కొలమానం బోరు. గంటకు 10,000 లీటర్లు పోసే మంచి బోరు తొమ్మిది గంటల విద్యుత్తుతో రోజుకు 90,000 లీటర్లు ఇస్తుంది. ఆ కేంద్రానికి కావలసిన నీరు అటువంటి 24 బోర్లు ఒక్కరోజు కూడా ఆగకుండా ఏడాది పొడవునా పోస్తేనే సమకూరుతుంది. జలజీవన్ మిషన్ ప్రమాణం మనిషికి రోజుకు 55 లీటర్లు. ఆ లెక్కన 3,000 జనాభాగల పల్లెకు కావలసినది 1 లక్షా 65 వేల లీటర్లు. అంటే డేటా సెంటర్ ఒక్కటి అటువంటి పదమూడు పల్లెల తాగునీటికి సమానం.

మూడు కొలమానాలూ నిజమే చెబుతున్నవి. టి.ఎం.సి.లలో కనబడనిది, ఎకరాలలో సర్దుకొనదగినదిగా తోచేది, బోర్లలోకి వచ్చేసరికి ఊరిని ముంచేదిగా మారుతున్నది. ఏ స్థాయిలో లెక్క వేస్తామన్నదే ఇక్కడ తీర్పును నిర్ణయిస్తుంది. రాష్ట్రస్థాయి లెక్క తప్పు కాకపోవచ్చు, కాని అది కొత్తపల్లెవాసికి సమాధానం కాదు.

దీనికి తోడు కాలం సంగతి ఉన్నది. వరి నీరు అడిగేది కాలువ పారే రోజులలో. మే నెలలో వరి లేదు, కాలువలో నీరు లేదు, ఊరి బోర్ల మట్టం అడుగంటి ఉంటుంది. నంద్యాల ప్రాంతం రాష్ట్రంలోనే అత్యధిక ఉష్ణోగ్రతలు నమోదయ్యే చోట్లలో ఒకటి. సరిగ్గా ఆ రోజులలోనే ఆవిరి పద్ధతి డేటా సెంటర్ సగటు కన్నా ఎక్కువ నీరు తాగుతుంది. ఏడాది సగటును చూపి మే నెల సంగతిని దాటవేసే నివేదిక మన ప్రాంతానికి పనికిరాదు.

గాలి పద్ధతిని ఎంచుకొంటే నీటి బాధ తగ్గుతుంది, విద్యుత్తు భారం పెరుగుతుంది. 5 హెచ్.పి. మోటారు తొమ్మిది గంటలలో వాడేది సుమారు 33 యూనిట్లు. 50 మెగావాట్ల కేంద్రం కంప్యూటర్లకే వాడే విద్యుత్తు అటువంటి సుమారు 36,000 మోటార్లకు సమానం. చల్లబరిచే ఖర్చు దానికి అదనం. ఇంత భారాన్ని మోసే సబ్‌స్టేషన్, లైన్లు ప్రత్యేకంగా వేస్తారా, ఉన్న ఫీడర్ల మీద మోపుతారా అన్నది రైతు అడగవలసిన ప్రశ్న. ఐర్లాండ్‌లో 2015లో మీటర్ల ద్వారా సరఫరా అయిన విద్యుత్తులో డేటా సెంటర్ల వాటా 5 శాతం. 2023కు అది 21 శాతమై, పట్టణ గృహాల మొత్తం వాటాను దాటిపోయింది.

తిరిగివచ్చే నీటిలో ఉప్పు

నీటి పరిమాణం గురించి చర్చ జరుగుతున్నది గాని, మన శాస్త్రానికి అతిసమీపమైన ఒక విషయం మరుగున పడుతున్నది. ఆవిరైపోయేది నీరు మాత్రమే. అందులోని లవణాలు టవర్ తొట్టిలోనే మిగులుతాయి. అవి పేరుకోకుండా కొంత నీటిని ఎప్పటికప్పుడు బయటికి వదలాలి. లవణాలు నాలుగింతలయ్యే వరకు తిప్పి వదిలే ఏర్పాటు ఉన్నదనుకొందాం. లోపలికి తీసుకొన్న నీటి విద్యుత్ వాహకత 0.8 డెసీసైమన్లు అయితే బయటికి వచ్చేది 3.2 డెసీసైమన్లు. సాగునీటికి ఆహార వ్యవసాయ సంస్థ ఇచ్చిన ప్రమాణాలలో 3.0 దాటినది తీవ్రమైన ఆంక్షలతో మాత్రమే వాడదగిన నీరు.

మన నల్లరేగడి నేలలలో బంకమన్ను ఎక్కువ, మురుగు దిగడం తక్కువ. ఆ నీరు వాగు ద్వారా దిగువ పొలాలకు చేరితే మొదటి ఏడు పైరు తట్టుకొనవచ్చు. అయిదవ ఏట చవుడు తేలిన మడిని చూపి రైతు మనలను కారణం అడుగుతాడు. అప్పటికి మట్టి పరీక్ష ఫలితం ఒకటి చేతిలో ఉంటుంది. దానిని పోల్చుకొనడానికి ప్రాజెక్టుకు ముందటి ఫలితం ఉండదు. ఈ నష్టాన్ని రుజువు చేయడానికి కావలసిన ఆధారం నష్టం జరగక ముందు సేకరించినదై ఉండాలి. ఇది న్యాయశాస్త్రం చెప్పే మాట కాదు, ప్రయోగక్షేత్రంలో పనిచేసిన ప్రతి విద్యార్థికీ తెలిసిన మాట: పోలికకు ఆధార మడి లేని ప్రయోగానికి విలువ లేదు.

నేల గురించి మరొక మాట. మీటరు లోతుగల నల్లరేగడి సుమారు 150 నుంచి 200 మి.మీ. నీటిని పైరుకు అందేలా నిలుపుకొంటుంది. ఆ తేమ మీదనే మన శనగ పండుతున్నది. అటువంటి భూమిని కాంక్రీటుతో కప్పినప్పుడు పోయేది పంట ఒక్కటే కాదు, ఎకరానికి 600 నుంచి 800 ఘనపు మీటర్ల నీటిని ఖర్చులేకుండా దాచే తొట్టి కూడా. నష్టపరిహారం లెక్కలో ఈ పద్దు కనబడదు.

ఇల్లు ఎక్కడ ముగుస్తుంది, పొలం ఎక్కడ మొదలవుతుంది?

నివాస ప్రాంతాలలో డేటా సెంటర్ల మీద ప్రపంచమంతటా వస్తున్న మొదటి ఫిర్యాదు చప్పుడు. శీతలీకరణ యంత్రాల హోరు, విద్యుత్తు పోయినప్పుడు నడిచే డీజిల్ జనరేటర్ల మోత, పొగ. అమెరికాలోని ఆరిజోనా రాష్ట్రం చాండ్లర్ నగరం ఇళ్లవారి ఫిర్యాదుల తరువాత 2022లో డేటా సెంటర్లకు ప్రత్యేక నిబంధనలు చేసి, శబ్ద అధ్యయనాన్ని తప్పనిసరి చేసింది. నగరాలలో నివాస మండలం, పారిశ్రామిక మండలం అన్న గీత ఉంటుంది కనుక అక్కడ ఈ వాదన నిలుస్తుంది.

పల్లెలో ఆ గీత ఎక్కడ? రెవెన్యూ రికార్డులో గ్రామకంఠం అన్న హద్దు లోపలిదే నివాసం. కాని రైతు కుటుంబం బ్రతుకు ఆ హద్దులో ఇమడదు. పశువుల కొట్టం, కళ్లం, గడ్డివామి, బోరు దగ్గరి గది, వేసవిలో రాత్రిళ్లు పడుకొనే తోట, అన్నీ హద్దుకు బయటనే ఉంటాయి. గ్రామకంఠానికి అర కిలోమీటరు దూరంలో వచ్చిన కట్టడం కాగితం మీద నివాస ప్రాంతంలో లేనట్లే. నిజానికి అది ఊరి ఇంటి పెరట్లో ఉన్నది.

చట్టం కూడా ఇక్కడ పలుచగానే ఉన్నది. 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు ప్రకటనలో డేటా సెంటర్లకు వేరే పద్దు లేదు. 20,000 చదరపు మీటర్లు, ఆపై నిర్మిత విస్తీర్ణం ఉంటే భవన నిర్మాణాల పద్దులోకి వస్తాయి. ఆ పద్దుకు ప్రజాభిప్రాయ సేకరణ నుంచి మినహాయింపు ఉన్నది. ఒక సిమెంటు కర్మాగారానికి బహిరంగ విచారణ జరుగుతుంది. అంతకన్నా ఎక్కువ విద్యుత్తు వాడగల డేటా సెంటర్‌ను నివాస సముదాయాన్ని చూసినట్లే చూస్తారు. 2022 కేంద్ర బడ్జెట్‌తో డేటా సెంటర్లు మౌలిక సదుపాయాల జాబితాలో చేరాయి. 2013 భూసేకరణ చట్టం సామాజిక ప్రభావ మదింపును కోరింది, బహుళ పంటలు పండే సాగునీటి భూమిని చివరి మార్గంగా మాత్రమే తీసుకోవాలన్నది. 2018లో మన రాష్ట్రం చేసిన సవరణ కొన్ని రకాల ప్రాజెక్టులకు ఈ నియమాల నుంచి మినహాయింపు ఇచ్చే వీలు కల్పించింది.

ఆ చట్టంలోనే మరొక మంచి మాట ఉన్నది. భూమి యజమాని మాత్రమే కాక, ఆ భూమి మీద మూడేళ్లుగా ఆధారపడిన కౌలురైతు, పాలికాపు, వ్యవసాయ కూలీ కుటుంబాలు కూడా బాధిత కుటుంబాలే. అయితే కౌలు చాలావరకు నోటిమాటగా నడిచే మన ప్రాంతంలో ఆ మూడేళ్లను రుజువు చేయడం ఎట్లా? పంట నమోదు రికార్డులు, పంటసాగుదారు హక్కు పత్రాలు, మన ప్రదర్శన క్షేత్రాల రిజిస్టర్లు: ఎవరు ఏ సర్వే నంబరులో ఏ పంట వేశారో తెలిపే కాగితాలు ఇవే. వీటిని జాగ్రత్తగా నింపడం రోజువారీ గుమాస్తా పని అనుకొంటాం. ఒక కూలీ కుటుంబానికి అదే ఏకైక సాక్ష్యం కావచ్చు.

దాచిన లెక్క, చెప్పిన లెక్క

ఇతర దేశాల అనుభవం నుంచి మనం నేర్చుకొనదగినది సాంకేతికం కన్నా ఎక్కువగా పాలనాపరమైనది. అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రం డాలస్ పట్టణంలో గూగుల్ కేంద్రాలు ఎంత నీరు వాడుతున్నవో చెప్పమని ఒక పత్రిక అడిగింది. అది వ్యాపార రహస్యమంటూ పురపాలకులే పత్రిక మీద కోర్టుకెక్కారు. 2022 డిసెంబరులో రాజీ కుదిరి లెక్కలు బయటికి వచ్చినప్పుడు తేలినది: 2021లో ఆ కేంద్రాలు వాడినది సుమారు 35.5 కోట్ల గ్యాలన్లు, పట్టణం మొత్తం వినియోగంలో నాలుగో వంతుకు మించి. వర్జీనియా రాష్ట్రం ప్రిన్స్ విలియం కౌంటీలో 2,100 ఎకరాలకు పైగా భూమిని డేటా సెంటర్లకు మార్చిన నిర్ణయాన్ని 2025 ఆగస్టులో న్యాయస్థానం కొట్టివేసింది. ప్రజలకు ముందస్తు నోటీసు సక్రమంగా ఇవ్వకపోవడమే కారణం.

దీనికి మరో వైపు ఉరుగ్వే అనుభవం. 2023లో ఆ దేశం తీవ్రమైన కరవులో ఉన్నప్పుడు, రోజుకు 76 లక్షల లీటర్ల మంచినీరు వాడే డేటా సెంటర్ ప్రతిపాదన వివరాలు బయటపడ్డాయి. రాజధానిలో కుళాయిల నుంచి ఉప్పునీరు వస్తున్న రోజులవి. ప్రజలు నిలదీశారు. తరువాత ఆ సంస్థ గాలితో చల్లబరిచే పద్ధతికి నమూనా మార్చుకొన్నది. లెక్క బయటికి వస్తే ప్రాజెక్టు ఆగిపోతుందన్న భయం సరికాదని, చాలాసార్లు మెరుగుపడుతుందని ఈ ఉదంతం చెబుతున్నది.

విశాఖలో కూడా నీటి ప్రశ్న కొత్తది కాదు. ఆ నగరం ఏలేరు, రైవాడ వంటి దూర జలాశయాల నీటితో బ్రతుకుతున్నది. రైవాడ నీటిని తమ ఆయకట్టుకే ఇవ్వాలన్న రైతుల కోరిక ఎప్పటినుంచో ఉన్నదే. నగరమూ పరిశ్రమా ఆయకట్టూ ఒకే జలాశయం వైపు చూస్తున్నచోట కొత్తగా చేరే ప్రతి వినియోగదారుడి లెక్కా అందరికీ తెలియాలి.

మన చేతిలోని పనిముట్టు

ఊరి నీటి లెక్క మనకు కొత్త విద్య కాదు. ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో 2000 దశకంలో నడిచిన రైతుల భూగర్భజల యాజమాన్య పథకం కర్నూలు సహా ఏడు కరవు జిల్లాలలో సాగింది. మన పాత కర్నూలు జిల్లాకు చెందిన బర్డ్స్ స్వచ్ఛంద సంస్థ దాని సమన్వయంలో ప్రధాన పాత్ర వహించింది. ఆ పథకంలో బోరు మట్టాన్ని కొలిచినవారు, వర్షమాపకం చదివినవారు, ఊరి గోడ మీద అంకెలు రాసినవారు రైతులే. రబీకి ముందు అందరూ కూర్చొని భూమిలో ఎంత నీరున్నదో, వేయదలచిన పంటలకు ఎంత కావలెనో లెక్క చూసుకొన్నారు. ఏ పంట వేయాలన్నది ఎవరూ శాసించలేదు. లెక్క చూసిన తరువాత చాలామంది తమంతట తామే పంట మార్చుకొన్నారు. అదే లెక్కలో ఇప్పుడు మరొక వరుస చేర్చాలి: బయటి నుంచి వచ్చే వినియోగదారుడు.

ఆచరణలో ఇది అయిదు పనులు. మొదటిది, ఊరిలో నాలుగైదు పరిశీలక బోర్లను ఎంచుకొని మే, నవంబరు నెలలలో మట్టం కొలవడం. రెండవది, పనిచేసే బోర్లు, వాటి హెచ్.పి., పోసే నీరు, కాలువ నీరందే రోజులు నమోదు చేయడం. మూడవది, పంటలు, పశువులు, మనుషుల అవసరాన్ని నెలవారీగా కట్టడం. సగటు కాదు, మే నెలది విడిగా. నాలుగవది, దిగువ పొలాలలో, వాగులో, బావులలో మట్టి, నీటి నమూనాలు తీసి ఉదజని సూచిక, విద్యుత్ వాహకత, సోడియం నిష్పత్తి భద్రపరచడం. అయిదవది, యజమాని, కౌలుదారు, కూలీ ఎవరెవరు ఏ భూమి మీద బ్రతుకుతున్నారో గ్రామసభ ఆమోదంతో జాబితా చేయడం.

ఇందుకు కొత్త ఉద్యోగాలు, నిధులు కావాలని ఎదురుచూడనక్కరలేదు. గ్రామీణ వ్యవసాయ కృషి అనుభవ కార్యక్రమం కింద మహానంది కళాశాల వంటి చోట్ల నుంచి చివరి సంవత్సరం విద్యార్థులు ఏటా పల్లెలలో నెలల తరబడి ఉంటున్నారు. ముగ్గుతో ఊరి వనరుల పటం గీస్తున్నారు, ఫోటో తీసి రికార్డులో అతికిస్తున్నారు. ఆ పటం అక్కడితో ఆగుతున్నది. దానిని నీటి లెక్కగా మార్చి, ఒక ప్రతిని పంచాయతీలో ఉంచి, మరుసటి ఏడు వచ్చే జట్టు అక్కడినుంచే కొనసాగించేలా చేస్తే అయిదేళ్లలో ఒక ఊరి చరిత్ర చేతికి వస్తుంది. ఏరువాక కేంద్రాలు, కృషి విజ్ఞాన కేంద్రాలు పద్ధతిని సరిచూడవచ్చు. 1906 నుంచి నంద్యాలలో ఉన్న పరిశోధన స్థానం అల్ప వర్షపాత మండలానికి పెద్దదిక్కు; నమూనాల విశ్లేషణకు, ప్రమాణాల నిర్ణయానికి అంతకన్నా తగినచోటు లేదు.

కొన్ని ఆక్షేపణలు

ఇది రాజకీయం, శాస్త్రవేత్తకు తగదని కొందరు అనవచ్చు. బోరు మట్టం కొలవడం రాజకీయం కాదు. కొలిచిన అంకెను ఎవరు అడిగినా ఒకే విధంగా చెప్పడం రాజకీయం కాదు. అడిగినవారు పెద్దవారైనప్పుడు ఒక అంకె, రైతు అయినప్పుడు మరొక అంకె చెప్పడమే రాజకీయం.

వ్యవసాయమే నీటిని అత్యధికంగా వాడుతున్నదనీ, పరిశ్రమ వాడేది దానిలో చిన్న భాగమనీ, రూపాయి రాబడికి ఖర్చయ్యే నీరు డేటా సెంటర్‌లో చాలా తక్కువనీ మరికొందరు అంటారు. మొదటి రెండు మాటలు నిజం, మూడవది కూడా నిజం కావచ్చు. కాని ఆ రాబడి చేరేది ఒకరికి, నీరు తగ్గేది మరొకరికి. కాలువ చివరి భూముల రైతుకు ఈ తేడా ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. ప్రతి ఏడూ కాగితం మీద కేటాయింపు చూసి, కాలువలో నీటి కోసం ఎదురుచూసేవాడు అతడే.

డేటా సెంటర్లు వ్యవసాయానికి కూడా మేలు చేస్తున్నవన్నది మూడవ మాట. వాతావరణ సూచన, ఉపగ్రహ చిత్రాలతో పంట అంచనా, పంట నమోదు, మన ఫోన్లలోని సలహా సందేశం అన్నీ ఏదో ఒక డేటా సెంటర్ మీదుగానే వస్తున్నాయి. కాదనలేం. అందుకే వద్దనడం మన పని కాదు. ఎక్కడ, ఏ నీటితో, ఏ పద్ధతిలో, ఎవరికి చెప్పి అన్న నాలుగు ప్రశ్నలు అడగడం మన పని. శుద్ధిచేసిన పట్టణ మురుగునీరు వాడతారా? మే నెలలో గాలి పద్ధతికి మారతారా? వదిలే నీటి పరీక్ష ఫలితాన్ని నెలనెలా పంచాయతీ గోడ మీద పెడతారా? ఊరి నీటి లెక్క చేతిలో ఉన్న గ్రామసభ ఈ ప్రశ్నలను షరతులుగా మార్చగలదు. లెక్క లేని గ్రామసభకు మిగిలేవి రెండే దారులు: నమ్మడం, లేదా ఎదురు తిరగడం.

కొత్తపల్లె రైతు రేపు మన దగ్గరకు వచ్చి, "అయ్యా, ఇది మన ఊరికి వస్తే నా బోరు సంగతి ఏమవుతుంది?" అని అడిగితే, పెట్టుబడి విలువను గాని ఉద్యమ నినాదాన్ని గాని అతడికి సమాధానంగా ఇవ్వలేం. అతడి బోరులో ఈ మే నెలలో నీరు ఎన్ని మీటర్ల లోతున ఉన్నదో మన పుస్తకంలో రాసి ఉంటేనే మాట మొదలుపెట్టగలం. ఆ కొలత వచ్చే మే నెలలో తీసుకోవచ్చు. అందుకు ఏ ప్రాజెక్టు ప్రకటన కోసమూ ఆగనక్కరలేదు.